గేటు దగ్గరి ఆడవాళ్ళకు పేర్లుండవా?

బొగ్గు గని మీద తీసిన సినిమా ఏదైనా చూడండి. ఒక సీను తప్పకుండా ఉంటుంది. సైరన్ మోగుతుంది. ఇళ్ళల్లోంచి ఆడవాళ్ళు పరుగెత్తుకొస్తారు. ఒకామె చేతికి పిండి, ఇంకొకామె చంకలో పిల్ల... గేటు దగ్గర గుంపు చేరుతుంది. ఏడుపులు, పెడబొబ్బలు. కెమెరా ఆ ముఖాల మీదుగా అలా జరిగి హీరో దగ్గరికి వెళ్ళిపోతుంది. ఆ గుంపులో ఉన్న ఒక్క ఆడదానికీ పేరుండదు.

మిగతా ఊళ్ళవాళ్ళకు అది రెండు నిమిషాల సీను. గోదావరిఖనిలో, మందమర్రిలో, శ్రీరాంపూర్‌లో, కొత్తగూడెంలో ఉండేవాళ్ళకు మాత్రం అలా అనిపించదు. మా ఇళ్ళల్లో "బాయికి పోయిండు" అన్న మాటకీ, "వచ్చిండు" అన్న మాటకీ మధ్య ఒక షిఫ్టు కాలం ఉంటుంది. ఆ ఎనిమిది గంటలూ ఇంట్లో ఆడది ఏం చేస్తుంది? ఏం ఆలోచిస్తుంది? దీనికి జవాబు చెప్పిన సినిమా ఏదైనా ఉందా అని వెతికితే మన భాషలో నాకు దొరకలేదు. హిందీలోనూ దొరకలేదు. యూరప్ సినిమాల్లో, అదీ మనలో ఎక్కువమంది పేరు కూడా వినని సినిమాల్లో, అక్కడొక ముక్క ఇక్కడొక ముక్క దొరికింది. వాటి గురించే ఈ నాలుగు మాటలు.

ఫారిన్ సినిమా గనుక గొప్పదనే జబ్బు నాకు లేదు. వీటిలో నచ్చనివీ ఉన్నాయి, ఎందుకు నచ్చలేదో కూడా చెబుతాను. నా కొలబద్ద ఒక్కటే. గేటు దగ్గర నిలబడ్డ ఆడదానికి ఆ సినిమాలో పేరుందా? పనుందా? నోరుందా?

ఇంతకీ గోదావరిఖనికీ యూరప్‌కీ ఏమిటి సంబంధం అంటారేమో. చుట్టరికం పాతదే. మన బొగ్గు తవ్వడానికి 1886లో పుట్టిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ లండన్‌లో నమోదైంది. 1889లో ఇల్లందు దగ్గర తవ్వకం మొదలైంది. 1920లో ఆ కంపెనీ పేరే సింగరేణి కాలరీస్ అయింది. ఇంక్లైన్, టబ్బు, హాలేజి, షిఫ్టు, మస్టర్... ఈ మాటలన్నీ వాళ్ళ గనుల నుంచి వచ్చి మన వంటింటి దాకా చేరాయి. అక్కడి సినిమాలు మాత్రం చేరలేదు!

ఇనుప గేటుకు అటూ ఇటూ

మొదట చెప్పవలసింది 'కమెరాడ్‌షాఫ్ట్'. స్నేహం, తోడు అని అర్థం చెప్పుకోవచ్చు. 1931లో జి.డబ్ల్యు. పాబ్‌స్ట్ తీశాడు. ఫ్రాన్స్, జర్మనీ సరిహద్దులో ఒకే బొగ్గు పొర. పైన రెండు దేశాలు, కింద సొరంగంలో మధ్యన ఒక ఇనుప గేటు. ఫ్రాన్సు వైపు పేలుడు జరిగితే జర్మన్ కార్మికులు సాయానికి వెళతారు. కొందరు లోపలి నుంచే ఆ గేటు పగలగొట్టుకుని వెళతారు. సినిమాలో ఫ్రెంచి వాళ్ళు ఫ్రెంచిలో, జర్మన్లు జర్మన్‌లో మాట్లాడుకుంటారు. మొదటి యుద్ధం ముగిసి పన్నెండు, పదమూడేళ్ళే అయిన రోజుల్లో అలా తీయడానికి ధైర్యం కావాలి. చివర్లో ఇరువైపుల వాళ్ళూ చేతులు కలుపుతారు. కింద మాత్రం అధికారులు ఆ గేటును మళ్ళీ బిగించేస్తారు. ఈ చురక నాకు చాలా నచ్చింది.

దీనికి మూలం నిజంగా జరిగిన ఘోరం. 1906 మార్చి 10న ఫ్రాన్సులోని కూరియేర్ గనుల్లో 1,099 మంది చనిపోయారు. అప్పుడు జర్మనీ నుంచి రక్షక బృందం వచ్చింది. వెతకడం తొందరగా ఆపేశారని గని కుటుంబాలు మండిపడ్డాయి. వాళ్ళ కోపంలో న్యాయం ఉంది. ప్రమాదం జరిగిన ఇరవై రోజుల తర్వాత 13 మంది బతికి బయటికొచ్చారు మరి!

ఈ సినిమాలో గేటు దగ్గరి గుంపులోంచి ఒకమ్మాయి పేరుతో సహా మన ముందుకొస్తుంది. ఫ్రాన్స్వాజ్. గనిలో పనిచేసేవాణ్ణి కట్టుకుని రోజూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతకడం నావల్ల కాదని ఊరొదిలి రైలెక్కుతుంది. ప్రమాదం సంగతి తెలిసి దిగిపోయి వెనక్కి వస్తుంది. తమ్ముడూ, మనసిచ్చినవాడూ లోపలే ఉన్నారు కదా! ఆ పిల్ల భయం నిజమైన భయం. పిరికితనం అని దర్శకుడు ఎక్కడా అనలేదు. మన దగ్గర కూడా "బాయి పని పిల్లగాడు వద్దు" అనే ఆడపిల్లలున్నారు, "సింగరేణి నౌకరి ఉన్నది, ఇంకేం గావాలె" అనే తల్లిదండ్రులూ ఉన్నారు. ఆ ఇద్దరి మధ్య జరిగే వాదన సినిమాకు ఎంత మంచి కథ! పాబ్‌స్ట్ దాన్ని ముట్టుకున్నాడు గానీ, ఆమె రైలు దిగిన తర్వాత కథంతా మగవాళ్ళదైపోయింది. నా ఫిర్యాదు అదొక్కటే.

మంచి తల్లి, చెడ్డ భార్య!

రెండోది ఇంగ్లీషు సినిమా, 'ది స్టార్స్ లుక్ డౌన్'. 1940లో విడుదలైంది. కెరోల్ రీడ్ దర్శకుడు, ఎ.జె. క్రోనిన్ నవల ఆధారం. క్రోనిన్ స్వయంగా డాక్టరు, కొంతకాలం గనుల వైద్య తనిఖీ అధికారిగా చేశాడు. గని పక్కన పాత తవ్వకాల్లో నీళ్ళున్నాయి, అటు తవ్వితే ముంచుకొస్తాయి అని కార్మికులు మొత్తుకుంటారు. యజమాని వినడు. చివరికి జరగవలసిందే జరుగుతుంది.

ఈ సినిమా గోదావరిఖనిలో కూర్చుని చూడడం వేరు. 2003 జూన్ 16న ఇక్కడి 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్ళు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలాలో నీళ్ళు చొరబడి 370 మందికి పైగా పోయారు. గని మునగడం అంటే ఏమిటో మాకు ఎవరూ వివరించనక్కర్లేదు. నీళ్ళు వచ్చే ఆ సీన్లలో రీడ్ ఆర్భాటం చేయలేదు. పైన ఎదురుచూసే వాళ్ళనీ, లోపల చిక్కినవాళ్ళనీ మార్చి మార్చి చూపిస్తాడు. చూస్తున్నంతసేపూ ఊపిరాడదు.

కానీ ఈ సినిమాతో నాకొక పెద్ద తగాదా ఉంది. ఇందులో ఇద్దరు ఆడవాళ్ళు ముఖ్యం. ఒకరు హీరో తల్లి. గట్టి మనిషి, మాట తక్కువ, పని ఎక్కువ. రెండోది భార్య జెన్నీ. మంచి ఇల్లు, మంచి బట్టలు కావాలంటుంది. మొగుడి చదువు మధ్యలో ఆగిపోవడానికి ఆమే కారణం. చివరికి పాత ప్రియుడి వైపు మళ్ళుతుంది. అంటే ఏమిటన్నమాట? కష్టపడే తల్లి దేవత, సుఖం కోరే భార్య దెయ్యం! గని ఊళ్ళో పుట్టిన ఆడపిల్ల మసిలేని ఇల్లు కోరుకోవడం నేరమా? వందమంది ప్రాణాలతో జూదమాడిన యజమాని మీద వచ్చినంత అసహ్యం, ఒక మంచి సోఫా అడిగిన అమ్మాయి మీద కూడా ప్రేక్షకుడికి వచ్చేలా తీయడం న్యాయమా? మీరే చెప్పండి. మన తెలుగు సినిమాల్లో డెబ్బయ్యేళ్ళుగా చూస్తున్న గయ్యాళి పెళ్ళాం అక్కడ ఇంగ్లీషులో మాట్లాడింది, అంతే తేడా.

కుర్చీల మీద కూర్చున్న సమ్మె

సినిమాహాలు మొహం చూడని ఒక చిన్న సినిమా నాకు ఇంతకంటే పెద్దదిగా కనిపించింది. 'మిజేర్ ఓ బొరినాజ్'. బెల్జియంలోని బొరినాజ్ బొగ్గు ప్రాంతం మీద 1933లో హెన్రి స్టోర్క్, జోరిస్ ఈవెన్స్ తీసిన డాక్యుమెంటరీ. నిడివి అరగంట పైచిలుకు, మాటలు లేవు. 1932 సమ్మె తర్వాత పని పోయిన కుటుంబాల బతుకు అందులో ఉంది. పోలీసుల కళ్ళుగప్పి తీశారు.

అందులో ఒక సంగతి మరిచిపోలేను. అద్దె కట్టలేని కార్మికుడి ఇంటికి అమీనా జప్తుకు వస్తాడు. చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చి ఇంట్లో ఉన్న కుర్చీల మీద, బల్లల మీద, మంచం మీద కూర్చుంటారు. మనుషులు కూర్చున్న సామాను ఎలా ఎత్తుకుపోతారు? ఎంత తేలికైన ఉపాయం! ఎంత బలమైన ఉపాయం! నినాదం లేదు, జెండా లేదు. పక్కింటివాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఇరుగుపొరుగుతో ఉప్పూ పప్పూ బదులు తెచ్చుకుని కార్మికవాడల్లో బతికిన ఏ ఆడమనిషికైనా ఇది వెంటనే అర్థమవుతుంది. సమ్మె గేటు దగ్గర ఎంత జరుగుతుందో ఇంట్లోనూ అంతే జరుగుతుందని చూపించిన సినిమా ఇది.

అదే బొరినాజ్ మీద 1960లో పాల్ మేయర్ ఇంకో సినిమా తీశాడు. 'సన్నని పువ్వు అప్పుడే ఎగిరిపోతోంది' అని దాని పేరుకు అర్థం. ఇటలీ నుంచి బొగ్గు పనికి వలస వచ్చిన కుటుంబాల కథ. అప్పటికే అక్కడి గనులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. ఒక కుటుంబం కొత్తగా దిగుతుంటే, ఏళ్ళ తరబడి పనిచేసిన ముసలాయన తిరిగి వెళ్ళే ప్రయత్నంలో ఉంటాడు. పిల్లలు గని మట్టి గుట్టల మీద ఆడుకుంటుంటారు. మన ఓపెన్‌కాస్టుల చుట్టూ లేచిన మట్టి గుట్టలు చూసినవాళ్ళకు ఆ గుట్టలు పరాయివి అనిపించవు.

ఈ సినిమా వెనక కథ కూడా చెప్పుకోదగ్గది. వలస పిల్లలు కొత్త దేశంలో చక్కగా కలిసిపోతున్నారని చూపించే చిన్న చిత్రం తీయమని అక్కడి విద్యాశాఖ డబ్బిచ్చింది. మేయర్ వెళ్ళి చూస్తే కలిసిపోవడం అంత చక్కగా లేదు. అంతకు నాలుగేళ్ళ ముందే, 1956 ఆగస్టు 8న, మార్సినెల్ గనిలో మంటలు రేగి 262 మంది చనిపోతే వారిలో 136 మంది ఇటాలియన్లే. అందుకని ఆయన కళ్ళకు కనబడింది తీశాడు. ప్రభుత్వం ఇచ్చిన డబ్బు తిరిగి కట్టమంది. పాపం, ఏళ్ళ తరబడి ఆయన ఆ అప్పులో ఉండిపోయాడు. నిజం చూపించినందుకు జరిమానా! ఈ సినిమాలో పెద్ద సంఘటనలేమీ జరగవు, నెమ్మదిగా సాగుతుంది, అలవాటు లేనివాళ్ళకు కాస్త విసుగనిపిస్తుంది. అయినా ఓపిక పట్టమంటాను.

పాదాలు కడిగింది సరే...

ఇక పోలండు. కజిమియెష్ కుట్స్ అనే దర్శకుడు సైలీషియా అనే బొగ్గు ప్రాంతంలో పుట్టాడు. తన ప్రాంతం మీద వరసగా సినిమాలు తీశాడు. 1972 నాటి 'కిరీటంలో ముత్యం' వాటిలో ఒకటి. 1930లలో గనిని నీళ్ళతో ముంచి మూసేయాలని చూస్తే కార్మికులు లోపలే కూర్చుని సమ్మె చేస్తారు. యాష్ అనే యువకుడు, అతని భార్య విహ్తా, ఇద్దరు పిల్లలు. గని నల్లగా, ఇల్లు రంగురంగులుగా కనిపిస్తుంది. ముఖ్యమైన సంగతేమిటంటే ఈ సినిమాలో హీరో, హీరోయిన్ మాట్లాడేది రాజధాని వాళ్ళ పోలిష్ కాదు, సైలీషియా యాస. మన యాసను తెలుగు సినిమా ఎన్నేళ్ళపాటు రౌడీకీ, కమెడియన్‌కీ మాత్రమే ఇచ్చిందో గుర్తు చేసుకుంటే ఆ విలువ తెలుస్తుంది.

ఇందులో బాగా పేరుపొందిన సీను ఒకటుంది. డ్యూటీ నుంచి వచ్చిన భర్త పాదాలను విహ్తా కడుగుతుంది. నెమ్మదిగా, ప్రేమగా, పూజ చేసినట్టు. చూడడానికి ఎంతో అందంగా ఉంటుంది. నాకు కళ్ళు చెమర్చాయి కూడా. ఆ వెంటనే ఒళ్ళు మండింది! ఎందుకంటారా? ఆ నీళ్ళు తోడిందెవరు? కాచిందెవరు? ఆ మసి నీళ్ళు పారబోసి, ఆ బట్టలు ఉతికి, ఆ నేల తుడిచిందెవరు? ఇంటి చాకిరిని ప్రేమ అని పిలిచి అందమైన రంగుల్లో చూపించడం తేలిక. మొదటి షిఫ్టుకు సద్ది కట్టడానికి తెల్లారకముందే లేచి, రెండో షిఫ్టు వాడికి అర్ధరాత్రి అన్నం వేడిచేసి, రాత్రి షిఫ్టు చేసొచ్చినవాడు పగలు నిద్రపోతుంటే పిల్లలు గోల చేయకుండా కాపలా కాసే ఆడదాని పాదాలు ఎవరు కడగాలి? ఆమె డ్యూటీ ఏ మస్టర్‌లో పడుతుంది?

ఈ ప్రశ్నకు జవాబు ఒక ఇరవై నిమిషాల సినిమాలో దొరికింది. 'విమెన్ ఆఫ్ ది రోండా', 1973. వేల్స్‌లోని రోండా బొగ్గు లోయలో నలుగురు ఆడవాళ్ళు కూర్చుని తమ 1920లు, 30ల నాటి బతుకు చెబుతారు. సమ్మెలు, ఆకలి, ఇంటి చాకిరి. అంతే. పాట లేదు, ఫైటు లేదు, పాదపూజ అసలే లేదు. గనుల దగ్గర స్నానపుగదులు అరుదుగా ఉన్న ఆ రోజుల్లో మొగుడు, కొడుకులు తలో షిఫ్టులో వస్తే ఒక్కొక్కరికీ వేన్నీళ్ళు కాచిపెట్టడం ఇంట్లో ఆడవాళ్ళ పనే. ఆ ముసలమ్మలు తమ మీద తాము జాలిపడరు. లెక్క చెబుతున్నట్టు చెబుతారు. ఇన్ని సినిమాల్లోనూ గేటు దగ్గరి ఆడదానికి పూర్తిగా నోరొచ్చింది ఇక్కడే. తీసినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే కావడం కాకతాళీయం కాదు.

దిగిన ఆడది, దిగనివ్వని చట్టం

1993లో ఫ్రెంచి దర్శకుడు క్లోద్ బెరి ఎమిల్ జోలా నవల 'జెర్మినాల్'ను భారీ ఖర్చుతో తీశాడు. సెట్టింగులు, జనం, గుర్రాలు... కొన్నిచోట్ల మనుషులకంటే సెట్టింగులే ఎక్కువ కనిపిస్తాయి. కానీ మాయెద్ అనే తల్లి పాత్ర కోసం చూడాలి. మ్యూ మ్యూ అనే నటి వేసింది. మొదట సమ్మె వద్దని భయపడిన ఆ మనిషే తర్వాత లొంగవద్దని పట్టుబడుతుంది. భర్త పోయాడు, బిడ్డలు పోయారు. చివరికి మిగిలినవాళ్ళ కడుపు నింపడానికి తనే గనిలోకి దిగుతుంది. విప్లవం గురించి చేసిన ఉపన్యాసాలన్నీ ఆ ఒక్క అడుగు ముందు వెలవెలబోయాయి.

ఆడవాళ్ళు గనిలోకి దిగడమేమిటి అని ఆశ్చర్యపోకండి. బ్రిటన్‌లో 1842 చట్టం వచ్చేదాకా దిగారు. ఫ్రాన్సులో 1874 దాకా దిగారు. మన దేశంలోనూ దిగారు. 1929లో నిబంధనలు తెచ్చి దశలవారీగా మాన్పించారు. రెండో ప్రపంచ యుద్ధంలో బొగ్గు కరువైతే 1943లో కొన్ని ప్రాంతాల్లో మళ్ళీ దింపారు, అవసరం తీరాక 1946లో మళ్ళీ ఆపేశారు. కావాలన్నప్పుడు రమ్మని, వద్దన్నప్పుడు పొమ్మని! స్వతంత్రం వచ్చాక 1952 గనుల చట్టం భూగర్భంలో ఆడవాళ్ళ పనిని నిషేధించింది. 2019లో కేంద్రం సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనుల్లో ఆడవాళ్ళు పగటిపూట లోపలికి దిగవచ్చని మినహాయింపు ఇచ్చింది. దాంతో మైనింగ్ చదివే ఆడపిల్లకు తలుపు కొంచెం తెరుచుకుంది. అది మంచిదా చెడ్డదా అన్న చర్చ మన వాడల్లో ఇప్పటికీ ఉంది. ఆ చర్చలో మాయెద్ మాట కూడా వినాలంటాను.

ట్రాంబోన్ కొన్న మొగుడు

బ్రిటన్‌లో 1984 మార్చి నుంచి 1985 మార్చి దాకా గని కార్మికులు ఏడాదిపాటు సమ్మె చేసి ఓడిపోయారు. ఆ తర్వాత గనుల మూసివేత మీద వచ్చిన సినిమాల్లో రెండు చెబుతాను. 1996 నాటి 'బ్రాస్డ్ ఆఫ్'లో మూతపడబోతున్న గనికి ఒక బ్యాండు మేళం ఉంటుంది. మేళం పోటీలో గెలుస్తుందా అన్నది కథ. చూసినవాళ్ళంతా ఆ మేళాన్నే మెచ్చుకుంటారు. నేను మాత్రం సాండ్రా వైపు. మొగుడు అప్పుల్లో మునిగి ఉండి కూడా కొత్త ట్రాంబోన్ కొంటాడు. అప్పులవాళ్ళు ఇంటి సామాను ఎత్తుకుపోతే సాండ్రా పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోతుంది. సంగీతం గొప్పదే, కాదనను. కానీ పిల్లలకు పాలెవరు పోయాలి? యాభై ఆరేళ్ళ ముందు జెన్నీని దెయ్యం చేసిన ఇంగ్లీషు సినిమా సాండ్రాను దోషిని చేయలేదు. అంతమాత్రం మార్పు వచ్చినందుకు సంతోషించాలి.

రెండోది 2014 నాటి 'ప్రైడ్'. ఆ ఏడాది సమ్మెలో వేల్స్‌లోని ఒక లోయకు లండన్ నుంచి స్వలింగ సంపర్కుల బృందం చందాలు పోగుచేసి పంపిన నిజ కథ. ఆ లోయలో ఆహారపు పొట్లాలు కట్టిన ఆడవాళ్ళే వచ్చినవాళ్ళను ముందుగా కలుపుకుంటారు. సినిమా కొంచెం తీపి ఎక్కువైంది, కష్టాలు నవ్వుల్లో తేలిపోయాయి. అయినా అందులో కనిపించే షాన్ జేమ్స్ కల్పిత పాత్ర కాదు. గని కార్మికుడి భార్య, సమ్మెలో వంట సరుకులు పంచిన మనిషి, తర్వాత చదువుకుని 2005లో బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నికైంది. వంట సరుకుల లెక్క రాసిన చెయ్యి దేశం లెక్క అడిగిందన్నమాట!

మరి మన సంగతి?

'కాలా పత్థర్' (1979) గుర్తుంది కదా. చాస్‌నాలా ఘోరం ఆధారంగా యశ్ చోప్రా తీసిన పెద్ద సినిమా. అందులో ముగ్గురు హీరోయిన్లు. ఒకరు డాక్టరు, ఒకరు పత్రికా విలేఖరి, ఒకరు గాజులూ ఉంగరాలూ అమ్ముకునే పిల్ల. గని కార్మికుడి భార్య ఎక్కడ? గేటు దగ్గరి గుంపులో!

2023లో వచ్చిన 'దసరా' మన గోదావరిఖని దగ్గరి ఊరి కథ అన్నారు. దర్శకుడు శ్రీకాంత్ ఓదెల ఈ ప్రాంతం వాడే. హీరో నోట మన యాస పలికింది, అందుకు మెచ్చుకోవాలి. కీర్తి సురేష్ వేసిన వెన్నెల అంగన్‌వాడీ టీచరు, పేరుంది, పనుంది. కానీ కథ రైళ్ళ మీది బొగ్గు దొంగతనం, సిల్క్ బార్, కత్తి... వీటి చుట్టూ తిరిగింది. బాయిలోకి దిగిన మనిషీ, అతని కోసం మేలుకున్న మనిషీ అందులో లేరు. బొగ్గు ప్రాంతం అంటే ముఖానికి మసి, చేతికి సీసా అని పైవాళ్ళు అనుకోవడానికి ఇంకో సాక్ష్యం దొరికినట్టయింది. 2011లో సకల జనుల సమ్మెలో సింగరేణి 35 రోజులు ఆగింది. ఆ 35 రోజులు ఇళ్ళల్లో పొయ్యిలు ఎలా వెలిగాయో నేను చూసిన ఏ సినిమాలోనూ లేదు.

ఇంకెప్పుడు తీస్తారు? ఫ్రాన్సు తన ఆఖరి బొగ్గు గనిని 2004లో మూసింది. బ్రిటన్ ఆఖరి లోతు గని 2015లో, జర్మనీ ఆఖరి రాతిబొగ్గు గని 2018లో మూతపడ్డాయి. మన దగ్గర బొగ్గు ఆగలేదు గానీ, ఇప్పుడు అత్యధిక భాగం ఓపెన్‌కాస్టుల నుంచే వస్తోంది. భూగర్భ గనులు తగ్గిపోతున్నాయి. తట్టా చెమ్మాస్ పట్టిన తరం రిటైరై, ముసలిదై, వెళ్ళిపోతోంది. వాళ్ళకు సద్ది కట్టిన తరం కూడా వాళ్ళతోనే వెళ్ళిపోతోంది. రోండా ముసలమ్మల మాటలు మిగిలాయి, ఎందుకంటే 1973లో ఎవరో కెమెరా పట్టుకుని వెళ్ళి అడిగారు. మన వాళ్ళను ఎవరడిగారు?

కాబట్టి నేను కోరేది రెండే. మొదటిది, ఈ సినిమాలు చూడండి. వీటిలో చాలావాటికి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో ప్రతులున్నాయి. ఇంగ్లీషు రాని అమ్మలకు కాలేజీ పిల్ల పక్కన కూర్చుని చదివి చెబితే చాలు. 'బొరినాజ్'కు అదీ పెద్దగా అవసరం లేదు. ఫిలిం సొసైటీలు హైదరాబాద్, కరీంనగర్ హాళ్ళతో ఆగకుండా కార్మికవాడల్లో కూడా వేయాలి. మహిళా సంఘాల నెలవారీ మీటింగులో అరగంట చాలదా?

రెండోది, ఇప్పుడు ఇంటింటా ఫోన్‌లో కెమెరా ఉంది. డెబ్బయ్యేళ్ళు దాటిన అమ్మమ్మనో నాయనమ్మనో ముందు కూర్చోబెట్టి అడగండి. ఈ ఊరికి ఏ ఏడు వచ్చినవ్? సైరన్ మోగిన రోజు ఏం జేసినవ్? జీతం రోజు పైసలు ఎవరి చేతికి వచ్చేవి? నౌకరి వారసత్వం కొడుక్కే ఎందుకు, బిడ్డకు ఎందుకు గాదు? మొదట "నాకేం తెలుసు బిడ్డా" అంటుంది. కాసేపు ఆగండి, మాట్లాడుతుంది. ముందు ఆమె పేరు చెప్పమనండి. ఫలానా ఆయన భార్య అని కాదు, ఆమె సొంత పేరు.